సైనిమ్ వదిన ఎర్ర దుప్పటి

ఇరవై ఆరేళ్లుగా కినబాలు కొండ మీదికి మనుషుల్ని ఎక్కించి దింపడమే నా పని. ఎక్కలేక ఏడ్చినవాళ్లను చూశాను. శిఖరం ఇంకో అరగంట ఉందనగా బండ మీద చతికిలబడి, "నువ్వెళ్లి నా బదులు ఫోటో దిగి రా" అన్న పెద్దమనిషినీ చూశాను. అలాంటివాళ్లందర్నీ బతిమాలి, కసిరి, నవ్వించి పైకి చేర్చినవాణ్ణే గాని, ఎవరూ శిఖరం చేరకూడదని ఎన్నడూ కోరుకోలేదు. ఒక్క మనిషి విషయంలో తప్ప. ఆ మనిషి మా సైనిమ్ వదిన.

ఆమె మా పెద్దనాన్న కొడుకు గింబాద్ భార్య. నాకు గైడు పని నేర్పింది గింబాద్ అన్నే. వదినకు కొండవాలులో క్యాబేజీ తోట ఉంది. కోసి, వెదురుబుట్టకెత్తి, వీపున మోసుకొచ్చి రోడ్డు పక్క సంతలో అమ్ముతుంది. పదహారేళ్లకు ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఇప్పుడు యాభై ఎనిమిది. ఇన్నేళ్లూ ఏ కొండ నీడలో క్యాబేజీ పండించిందో ఆ కొండ మీదికి ఒక్కసారీ పోలేదు. "వచ్చే ఏడు తీసుకెళతాలే" అనేవాడు అన్న. వచ్చే ఏడు తోటపని అడ్డొచ్చేది, ఆ పై ఏడు కూతురు ఫెలీనా పుట్టింది, అలా జరిగి జరిగి చివరికి అన్న ఊపిరితిత్తులు చెడిపోయాయి. నాలుగేళ్ల కిందట ఇంట్లోనే, మంచం మీదే పోయాడు.

మాలో పోయినవాళ్లు కొండ మీదికే వెళతారు. అక్కడి నాచు తిని బతుకుతారని మా నాయనమ్మ చెప్పేది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు వేరే చోటు చెబుతారు. మేం ఇద్దరి మాటా వింటాం.

ఇక ఎర్ర దుప్పటి సంగతి. అన్న కొత్తగా గైడయిన రోజుల్లో ఒకసారి పైన గాలివాన పట్టుకుని రెండు రోజులు ఆలస్యంగా దిగాడు. ఆ రెండు రోజులూ వదిన ముద్ద ముట్టలేదు. దిగొచ్చాక ఇంట్లో పెద్ద గొడవ. "నువ్వు బతికున్నావో లేదో నాకెట్లా తెలిసేది?" అని ఆమె. "ఇక్కడ నువ్వెట్లా ఉన్నావో నాకు మాత్రం ఎట్లా తెలిసేది?" అని ఆయన. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఆయన శిఖరమెక్కే రోజు తెల్లారేసరికి వదిన పెరట్లో తీగ మీద పెళ్లినాటి ఎర్ర దుప్పటి ఆరేయాలి. ఇంట్లో అందరూ క్షేమమని దానికి అర్థం. ఆయన పైనుంచి చూసుకుంటాడు, ఇంటికొచ్చి చూశానని చెబుతాడు.

ఇరవై ఎనిమిదేళ్లు ఆరేసింది. ఆయన పోయాక కూడా మానలేదు. నేను పైకెళ్లిన రోజల్లా ఆరేసేది. దిగొచ్చాక సంతలో క్యాబేజీల గుట్ట వెనక నుంచి అడిగేది.

"కనిపించిందా?"

"కనిపించింది వదినా."

"ఎట్లా ఉంది?"

"ఎర్రగా ఉంది."

సిగ్గు విడిచి చెబుతున్నాను. శిఖరం మీదనుంచి మా ఊరు కనపడదు. దక్షిణం వైపు కొండ భుజం అడ్డం వస్తుంది. మా గైడ్లందరికీ తెలిసిన విషయమే. గింబాద్ అన్నకు తెలియకుండా ఉంటుందా? భార్యను కష్టపెట్టలేక చిన్న అబద్ధం చెప్పుకొచ్చాడనీ, ఆయన పోయాక దాన్ని మోసే వంతు నాకొచ్చిందనీ అనుకున్నాను. ఎర్రగా ఉందనడానికి మాత్రం నాకేం పోయింది?

పోయేదేమిటో ఫిబ్రవరిలో తెలిసింది. వదిన ఒక పొద్దున్నే మా ఇంటికొచ్చి, బుట్ట దింపి, కాఫీ అడక్కుండానే అంది:

"మైదిన్, నన్ను పైకి తీసుకెళ్లు."

"ఏ పైకి వదినా?"

"ఎన్ని పైలున్నాయేంటి మనకి?" అంటూ గడ్డం ఎత్తి చూపించింది. మాలో కొండ వైపు ఎవరం వేలు చూపించం. తప్పు. గడ్డంతోనే చూపిస్తాం.

"ఈ వయసులో ఎందుకు వదినా? చలి, వాన, ఎముకలు కొరికేసే గాలి..."

"ఆయన మా ఇంటిని ఎక్కడ నిలబడి చూశాడో అక్కడ నేనూ ఒక్కసారి నిలబడాలి. నిలబడి నా దుప్పటి నేను చూసుకోవాలి. ఇంకేం అక్కర్లేదు నాకు. ఫెలీనా ఏప్రిల్లో పైన రాత్రి ఆగే విడిదిలో చోటు కూడా రాయించేసింది."

ఫెలీనా కోట కినబాలు పట్నంలో ఉద్యోగం చేస్తుంది. అమ్మ అడిగితే కాదనదు. రెండు నెలల్లో ఈవిడ శిఖరమెక్కి, మా ఊరు ఉండాల్సిన చోట ఉత్త రాతిగోడ చూస్తుంది. ఆ ఇరవై ఎనిమిదేళ్లూ అప్పుడేమైపోవాలి?

ఆపడానికి నాకు తెలిసిన దారి భయపెట్టడమే. "ముందు సాధన చెయ్యాలి వదినా. వీపున బరువు వేసుకుని మెట్లెక్కాలి. అది చెయ్యకపోతే పైకి రానివ్వరు" అన్నాను.

"ఎంత బరువు?"

"ఎనిమిది కిలోలైనా ఉండాలి."

పక్కింటి దోరిన్ అక్క కంచె మీదనుంచి పకపకా నవ్వింది. ఈమె గింబాద్ అన్న చెల్లెలు, నాకంటే మూడేళ్లు పెద్దది. మా వాడలో ఎవరింట్లో ఎవరు తుమ్మినా ఈమె కంచె దగ్గరికి వచ్చేస్తుంది.

"ఒరే మైదిన్, రోజూ ముప్ఫై కిలోల క్యాబేజీ మోసే మనిషికి ఎనిమిది కిలోలతో సాధనా? బుట్టలో నువ్వు కూచో, నిన్ను మోసుకుని మెట్లెక్కుతుంది."

చర్చి మెట్లు తొంభై ఆరు. ఆ సాయంత్రం ఇద్దరం ఎక్కాం. మూడోసారి ఎక్కేటప్పటికి పక్కటెముకల్లో పోటొచ్చి, బూటుకి లేని లేసు కట్టుకుంటూ కూర్చున్నది నేనే. వదిన పైనుంచి కేకేసింది: "ఏమయ్యా గైడూ, నా బుట్ట కూడా నీకివ్వనా, ఇంకాస్త సాధన అవుతుంది?"

తర్వాత కొండను చూసుకునే పార్కువాళ్ల ఆరోగ్యం కాగితం. నేను చదివి వినిపిస్తే ఆమె చెప్పేది. గుండె జబ్బుందా? లేదు. ఉబ్బసం? లేదు. మోకాళ్లు? "రెండున్నాయి" అంది. ఏమైనా ఆపద వస్తే ఎవరికి కబురు చెయ్యాలి?

"గింబాద్ అని రాయి."

కలం ఆగిపోయింది. "వదినా, అన్న..."

"తెలుసయ్యా, నాకు మతి పోలేదు. పైనే ఉన్నాడు కదా. నాకేమన్నా అయితే మీ అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది."

ఇంత నిబ్బరంగా చెప్పేవాళ్లతో ఎవరు వాదిస్తారు? గింబాద్ అనే రాశాను. కింద చిన్నక్షరాలతో ఫెలీనా ఫోన్ నంబరు కూడా రాశాను.

ఫెలీనా పంపిన బూట్లు వచ్చాయి. నీలం రంగు, బంగారు గీతలు, పాపం చాలా మంచి బూట్లు. వదిన ఒకసారి తొడిగి, వంటింట్లో నాలుగడుగులు వేసి, విప్పి మళ్లీ పెట్టెలో పెట్టేసింది. గూట్లోంచి తోటపనికి వేసుకునే నల్ల రబ్బరు బూట్లు తీసింది. మా గైడ్లం కూడా అవే వేసుకుంటాం. వాన బండ మీద వాటిలా పట్టుకునేది ఇంకోటి లేదు.

"ఫెలీనా బాధపడుతుందేమో వదినా."

"దాని పెళ్లికి వేసుకుంటాలే. వీటితో వెళితే ఆయన నన్ను గుర్తుపట్టడు."

నవ్వాలో వద్దో తెలియక గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. ఏప్రిల్‌కి ఇంకా మూడు వారాలు.

చీకట్లో ఎక్కడానికి తలకు కట్టుకునే దీపం తెచ్చిచ్చాను. పెట్టుకుని చూస్తానని సాయంత్రం కోళ్లగూడు దగ్గరికి వెళ్లింది. తెల్లారిందనుకుని కోడి కూసింది. కోడి కూసింది కదాని కునుకు తీస్తున్న దోరిన్ అక్క లేచి పొయ్యి రాజేసింది. అన్నం వార్చాక టైము చూసుకుంటే ఏడున్నర, అదీ రాత్రి ఏడున్నర! ఆ రోజు నుంచి వదిన పేరు మా వాడలో "సూర్యుడు". "సూర్యుడొచ్చాడు, లేవండర్రా" అని దోరిన్ అక్క పగలంతా అరిచేది.

కాని ఆ అక్కకే అన్నిటికంటే పెద్ద పని అప్పజెప్పింది వదిన. తను పైకి పోతే దుప్పటి ఎవరు ఆరేస్తారు? వారం రోజులు ఆమెకు నేర్పింది. నేర్పడానికేముంది అనుకుంటాం. ఉంది.

"మొత్తం విప్పు. మడత ఉండకూడదు. కుడి కొస జామచెట్టుకి కట్టు. అట్లా కాదు, బిగించి. పొగమంచు ఉన్నా సరే, విడిపోయేదాకా అక్కడే నిలబడు."

"నిలబడ్డం ఎందుకు? దుప్పటి చాలదా?"

"నేను నిలబడేదాన్ని" అంది వదిన.

దోరిన్ అక్క జామచెట్టుకు కట్టిన ముడి విప్పి మళ్లీ కట్టింది.

బయల్దేరే ముందురోజు సామాను చూశాను. పార్కు జాబితాలో ఉన్నవన్నీ ఉన్నాయి. చేతి తొడుగులు, వానకోటు, ఉన్ని టోపీ. జాబితాలో లేనివి మూడు. ఒకటి, అన్న దుర్భిణీ. ఏనాడో ఒక యాత్రికుడిచ్చిపోయింది. ఒక కన్ను పగిలిపోయి ఇంకో కన్నే పనిచేస్తుంది. ఒక్క పిట్ట పేరూ తెలియని మనిషి దాన్ని ఎప్పుడూ మెడలో ఎందుకు వేసుకు తిరిగేవాడో మాకు అర్థమయ్యేది కాదు. రెండు, ఆయన చుట్టలు నాలుగు. మూడు, బొసౌ సీసా. అంటే ఉప్పు, అన్నం కలిపి ఊరబెట్టిన చేప. ఆయనకు ప్రాణం. దాని వాసన మా వాళ్లకు ఆకలి పుట్టిస్తుంది, కొత్తవాళ్లకు పరుగు పుట్టిస్తుంది.

"నాచు తిని తిని నోరు చచ్చిపోయుంటుంది" అంది వదిన.

విడిదిలో నలభై మంది యాత్రికుల ముందు నా పరువు పోకూడదని, ఆవిడ వదులుగా పెట్టిన మూతను నేను బలంగా బిగించి, పైన తీగ కూడా చుట్టాను. ఇన్నేళ్లుగా కొండెక్కుతున్నవాణ్ణి, పైకి పోయేకొద్దీ మూసినవన్నీ ఉబ్బుతాయని తెలిసినవాణ్ణి, ఆ తెలివి ఆ రోజు ఎక్కడికి పోయిందో!

మొదటి రోజు ఆరు కిలోమీటర్లు. వదిన దారి పొడుగునా ఒక్కో గుడిసె దగ్గర ఆగి, "ఇక్కడ నీళ్లు తాగేవాడా?" "ఈ బెంచీ మీదేనా కూచునేవాడు?" అని అడిగి, ఆ నీళ్లే తాగి, ఆ బెంచీ మీదే కూర్చుంది. మధ్యాహ్నానికి విడిదికి చేరాం. సాయంత్రం భోజనాల వేళ, హాలంతా సూపు తాగుతుండగా, మా బల్ల కింద సంచీలో తుపాకీ పేలినట్టు పేలింది. తర్వాత వాసన. ఒక తెల్లవాడు పళ్లెం వదిలేసి బయటికి పరిగెత్తాడు. ఒకావిడ గ్యాసు లీకవుతోందని అరిచింది. విడిది మేనేజరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవరిది?" అన్నాడు.

వదిన గడ్డంతో నన్ను చూపించింది. "మూత బిగించింది ఇతను."

మిగిలిన సగం చేపను ఇంకో డబ్బాలోకి ఎత్తి, మూత వదులుగా పెట్టింది. నేను చీపురు పట్టుకున్నాను.

రాత్రి రెండు గంటలకు లేచి బయల్దేరాలి. ఐదులోపు పైన తనిఖీ గుడిసె దాటకపోతే వెనక్కి పంపేస్తారు. ఇప్పుడు చెప్పేది విని నన్ను తిట్టుకోండి. ఆ చీకట్లో నేను కావాలని నెమ్మదిగా నడిచాను. దారికి గుర్తుగా బండల మీద వేసిన తాడు చూడాలన్నాను, మేజోడు మడత పడిందన్నాను, నక్షత్రాలు చూడమన్నాను. ఐదు దాటిపోతే చాలు, శిఖరం లేదు, రాతిగోడ లేదు, అబద్ధం క్షేమం.

"మైదిన్, నీకు ఒంట్లో బాలేకపోతే ఇక్కడ కూచో. ఈ తెల్ల తాడు పట్టుకుని పోవడమేగా, నేను పోతా" అని వదిన నన్ను దాటి ముందుకెళ్లిపోయింది. నాలుగుంపావుకే గుడిసె దాటింది. నేను ఆవిడ వెనక రొప్పుతూ పరిగెత్తాను.

తూర్పు తెల్లబడే వేళకు శిఖరం మీదున్నాం. అందరూ ఫోటోలు దిగుతున్నారు. వదిన బండనానుకుని చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. దుర్భిణీ మెడలోనే ఉంది, తియ్యడం లేదు. ఆవిడ ఎప్పుడు తీస్తుందా అని చూసి చూసి ఇక నావల్ల కాలేదు.

"వదినా, ఇక్కణ్ణుంచి మన ఊరు కనపడదు."

"తెలుసు."

"తెలుసా?"

"ఆయన శిఖరం మీదనుంచి చూశానని ఎప్పుడన్నాడు? దిగేటప్పుడు, తాడుకి కుడిపక్కన, పడుకున్న గేదెలాంటి రాయి ఉంటుందట. దాని వెనక్కి పోవాలట." అని నా మొహం కేసి చూసింది. "నాలుగేళ్లూ నువ్వు ఎక్కణ్ణుంచి చూశావు మరి?"

నేను టోపీ చెవుల మీదికి లాక్కున్నాను.

"ఎర్రగా ఉందన్నావు" అంది.

"ఎర్ర దుప్పటి... ఎర్రగానే కదా వదినా ఉంటుంది."

"దిగాక చెబుతా నీ సంగతి" అని లేచింది.

నాకు సిగ్గు కంటే ముందు ఇంకోటి గుర్తొచ్చింది. ఆ గేదె రాయి నాకు బాగా తెలుసు. ప్రతి గైడుకూ తెలుసు. దిగేటప్పుడు ప్రతిసారీ గింబాద్ అన్న తన యాత్రికుల్ని నాకు అప్పజెప్పి, "ఒక్క నిమిషం" అని దాని వెనక్కి పోయి పది నిమిషాలకు వచ్చేవాడు. ఎండలో, వానలో, ఏళ్ల తరబడి. ఆయనకు మూత్రసంచి బలహీనమని మేం తేల్చేశాం. "అన్నా, పైపు బాగుచేయించుకో" అనేవాళ్లం. ఒకసారి గైడ్ల విందులో అందరి ముందూ ఆయనకు చిన్నపిల్లల ఉచ్చగుడ్డ బహుమతిగా ఇచ్చాం. అది చేత్తో అందించింది నేనే. ఆయన నవ్వి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

రాయి దగ్గరికి దిగుతూ వదిన అంది: "ఫెలీనాకి మూడో ఏట జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయి. పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాను, దుప్పటి ఆరెయ్యలేదు. పదకొండింటికల్లా ఆయన ఆస్పత్రి గుమ్మంలో ఉన్నాడు."

ఆ రోజు నాకు గుర్తుంది. అన్న ఆ రాయి వెనకనుంచి వచ్చి, "కడుపు పాడైంది, నావాళ్లని నువ్వు దించు" అని చెప్పి బండల మీద దూకుతూ పరిగెత్తిపోయాడు. ఆరు నెలలు ఏడిపించాం, ఆ పరుగు గురించి.

రాయి వెనక ఒక్క మనిషి నిలబడేంత చోటుంది. రెండు బండల మధ్య సందులోంచి దక్షిణం లోయ కనిపిస్తుంది. మంచు ఇంకా విడిపోలేదు. వదిన అక్కడ నిలబడింది. నేను పక్కన బండకానుకున్నాను. ఎండ లోయలోకి దిగి, మంచు పల్చబడి, రేకుల కప్పులు ఒక్కొక్కటీ మెరిశాయి. వదిన దుర్భిణీలో పనిచేసే వైపును కంటికి ఆనించుకుంది.

"ఉంది" అంది.

చాలాసేపటికి నాకిచ్చింది. తోటలు, రోడ్డు, చర్చి, దాని పక్కన గోరంత ఎరుపు. దాని పక్కన ఇంకా చిన్న నల్ల చుక్క. దోరిన్ అక్క నిలబడే ఉంది.

"ఆయనకి నేను అంతే కనిపించేదాన్ని" అంది వదిన. "ఆ చుక్కంత."

నేను దుర్భిణీ తిరిగి ఆమెకిచ్చాను.

"నేను కిందనుంచి అడిగేదాన్ని, ఎక్కడ నిలబడతావు, చూపించు అని. గడ్డం ఎత్తేవాడు. గడ్డంతో చూపిస్తే ఏ రాయని తెలుస్తుంది? వేలు చూపించకూడదాయె. ఇంక ఏం చేస్తాను, కొండ మొత్తాన్నీ చూస్తూ నిలబడేదాన్ని." సందులోంచి మళ్లీ ఒకసారి చూసింది. "ఇప్పుడు ఆయన చోటు దొరికింది. అక్కడేమో నేను లేను."

డబ్బా తెరిచి బొసౌ కొంచెం రాతి మీద పెట్టింది. చుట్టలు నాలుగూ సందులో దోపింది. నాచు మీద అరచేయి వేసి కాసేపు ఉంచింది. తర్వాత రబ్బరు బూట్లు రాతికేసి దులుపుకుని, "పద, దోరిన్‌కి కాళ్లు పీకుతుంటాయి" అంది.

దిగాక నా సంగతి చెబుతానంది కదా, చెప్పింది. తిట్టలేదు. దుర్భిణీ తెచ్చి నా మెడలో వేసింది. "వారానికి రెండుసార్లు పోతావు. నేను తీగ దగ్గరే ఉంటాను. ఇకనుంచి ఎర్రగా ఉందని చెబితే కుదరదు. ఏ కొస కిందికుందో చెప్పాలి."

పోయిన గురువారం దిగేటప్పుడు నావాళ్లని కుర్ర గైడ్లకు అప్పజెప్పి, "ఒక్క నిమిషం" అని గేదె రాయి వెనక్కి పోయాను. మంచు విడిపోయేసరికి పది నిమిషాలు పట్టింది. ఎడమ కొస కిందికుంది. పక్కన చుక్క ఉంది.

తిరిగొచ్చేసరికి కుర్రాళ్లు తాడు పట్టుకుని వరసగా నిలబడి నవ్వుతున్నారు.

"మైదిన్ మామకీ మొదలైందిరోయ్!"

"వయసురా అబ్బాయిలూ" అన్నాను.